ఊపిరి రిజిస్టరు

"ముక్కు మూసుకునుడు నేర్పెటందుకు నీకు జీతమా సారూ? ఈ కంపెనీల కాలువెట్టిన నాడే నేర్చుకున్నం మేము," అన్నాడు కొమురయ్య. పద్మాసనం వేయమంటే కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు.

యోగాచార్యుడికి కోపం తగదు. వయసు ఇరవై మూడు, డిప్లొమా ఆరు నెలలది అయినా, నేను యోగాచార్యుడినే. అందుకని చిరునవ్వు నవ్వాను.

జిన్నారం దగ్గరి ఆ మందుల ఫ్యాక్టరీలో ప్రతి శనివారం కార్మికుల చేత ఊపిరి బిగబట్టించి, ఎవరు ఎన్ని సెకన్లు ఆపారో రిజిస్టరులో రాసి ఆఫీసులో ఇవ్వడం నా కర్తవ్యం.

కొమురయ్య ఊపిరి బిగబట్టాడు. తొమ్మిదో సెకనుకే దగ్గు తెర ముంచుకొచ్చింది.

"సాధన చాలదు కొమురయ్యా," అన్నాను గంభీరంగా, పెన్ను మూత తీస్తూ.

"పోయినసారి యాదన్నకు ఎంత రాసినవ్?"

"ఏడు."

"సోమవారం గేటు కాడనే ఆపిండ్రు. ఊపిరి లేనోడు పనికి రాడన్నరు. సాక్ష్యం అడిగితే నీ రిజిస్టరు సూపెట్టిండ్రు."

నా చిరునవ్వును ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

యోగశాస్త్రం చెప్పిన యమాల్లో సత్యం రెండోది, అహింస మొదటిది. పరీక్షలో ఆ వరుస తప్పకుండా రాసి ఫస్టుక్లాసు తెచ్చుకున్న నేను, కొమురయ్య పేరుకు ఎదురుగా అరవై అని రాశాను.

కొమురయ్య రిజిస్టరు లాక్కుని చూశాడు.

"అరవై అంటే ఎవడు నమ్ముతడు? అబద్ధం గూడ సక్కగ రాయరాదు నీకు. ఇరవై రెండు ఎయ్యి."

వేశాను.

"గిదే అబద్ధం పోయిన శనివారం రాసి ఉంటే, యాదన్న ఇయ్యాల నా పక్కన కూసుంటుండె."