గుప్పెడు గింజలు

వ్యవసాయ వ్యాపారం పాఠం చెప్పే మాస్టారు, కాలేజీకి వెళ్లేముందు వంటింట్లో పీటేసుకుని భార్యకు ఆ రోజు పాఠం వినిపిస్తున్నారు.

"పదివేల ఏళ్ల క్రితం మనిషి దొరికిందల్లా తినేసేవాడు. ఒకరోజు ఎవరో ఆడమనిషి గుప్పెడు గింజలు తినకుండా దాచింది. వ్యవసాయం అక్కడే పుట్టింది. ఇవాళ్టి విత్తనాల కంపెనీలన్నీ ఆ గుప్పిట్లోంచి వచ్చినవే! ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందండీ." పెరట్లో చాళ్లు తీసి వచ్చిన ఆవిడ, విత్తనానికని ఏరి దాచిన వేరుశెనగ డబ్బా కోసం అల్మారాలో వెతికింది.

డబ్బా మాస్టారి ఒళ్లో ఉంది. అడుగున పొట్టు మాత్రం మిగిలింది.

"మాటల్లో పడి చూసుకోలేదే," అని నసిగారాయన.

"పర్లేదు లెండి. పిల్లలకి ఇంకొక్క మాట కూడా చెప్పండి. ఆ గింజలు మిగిలాయంటే, ఆ పూట ఆవిడ మొగుడు వేటకెళ్లి ఉంటాడు."