కొత్త యుగపు పురిటినొప్పులు

తను టైపు చేసే పాఠాన్నే రేపు తన కూతురు బట్టీపడుతుందేమోనన్నది ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం.

"ఆగావేం? కొట్టమ్మా," అన్నాడు చరిత్ర పాఠ్యపుస్తకం రాస్తున్న మాస్టారు, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ. "చరిత్రకూ పురిటినొప్పులుంటాయి. మిల్లు మంటల్లో పోయిన నలభైమందీ కొత్త యుగం పడ్డ నొప్పులే."

ఆమె ఆయన వైపు తిరిగింది. "మా అన్నయ్య నొప్పి కాదు సార్, మనిషి."

"పోలికమ్మా అది! ఏడో తరగతితో ఆపేసినదానివి, నీకేం తెలుస్తుంది?"

"పురుడు తెలుసు సార్. నొప్పులు పడ్డవాళ్ళ ఒళ్ళోనే బిడ్డను పెడతారు. మా అమ్మ ఒళ్ళో ఏం పెట్టారు?"

మాస్టారు నోట్లోంచి పుల్ల తీశాడు.

ఆమె ఆ వాక్యం చెరిపేసింది. "నలభై పేర్లూ చెప్పండి, కొడతాను."

ఆయనకు ఒక్కటీ తెలియదు.

మీరెప్పుడైనా కాలిపోయిన మిల్లు వైపు వెళితే, గేటు దగ్గర కొడుకు కోసం కూర్చునే ఆమె తల్లి భోంచేసిందో లేదో కాస్త కనుక్కోండి.