చుక్కల వేగం

మూడో సీసా కూడా పాడైంది.

"ఎంత?" అన్నాడు ప్రొఫెసర్, అడగడానికే భయపడుతూ.

"ఇరవై ఏడు సార్," అంది రీసెర్చి చేస్తున్న అమ్మాయి, కొలత యంత్రం తెర మీంచి చూపు తిప్పకుండా. "అదీ సగటే. ఒకటి ఆవగింజ, ఇంకోటి గుమ్మడికాయ. నిన్నటి అంకె చెప్పను లెండి, మీకు టీ సయించదు."

కావలసింది పది. పది నానోమీటర్లు. వెంట్రుక మందంలో పదివేలో వంతు. ఇనుప ఆక్సైడ్ రేణువులు ఆ కొలతలో ఉంటేనే స్కానింగ్‌లో కాలేయపు గడ్డ తేటగా కనిపిస్తుందని ఆస్పత్రివాళ్ల షరతు. వాళ్లు శుక్రవారం వస్తున్నారు. వాళ్ల కళ్లముందు పది రాకపోతే ల్యాబుకు తాళమే. ఆ పిల్ల నాలుగేళ్ల చదువూ నీళ్లపాలే.

పదకొండేళ్లపాటు ఈ బల్ల మీద పది తప్ప ఇంకో అంకె రాలేదు. చేసింది ఆయన భార్య. ఇదే ల్యాబులో టెక్నీషియన్. ఇనుప లవణాల నీళ్లు గాజుకుప్పెలో గిర్రున తిరుగుతుంటే పైనుంచి అమ్మోనియా చుక్కచుక్కగా వదిలేది. నారింజరంగు కాస్తా నల్లసిరా అయ్యేది.

ఆమె పోయి ఏడు నెలలు. తెల్లకోటు ఇంకా మేకుకే ఉంది. ఆయన తియ్యనివ్వలేదు.

వేడి అదే. తిప్పే వేగం అదే. మందులూ అవే. తేడా అంతా చుక్కల్లోనే ఉంది. పంపు పెట్టి సెకనుకొకటి, మూడు సెకన్లకొకటి, అయిదుకొకటి వదిలి చూశారు. లాభం లేకపోయింది.

ఆమె రికార్డు పుస్తకాల్లో అన్ని వివరాలూ ఉన్నాయి. 'చుక్కల వేగం' అన్న గడిలో మాత్రం ప్రతి పేజీలోనూ ఒకటే మాట: రోజూలాగే.

"రోజూలాగే అంటే ఎలాగ సార్? మేడమ్ లోపల్లోపల ఏదైనా పాట పాడుకునేవారా?"

"పాటా? మా ఆవిడా?" ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "చెయ్యి వాటం, అంతే. పదకొండేళ్లలో ఒక్కనాడూ తనని ఒంటరిగా వదల్లేదమ్మా. పక్కనే నిలబడి చెబుతూనే ఉండేవాణ్ణి. ఎదురుమాట అనేది కాదు, పాపం."

"మీరు తలుపేసుకునేవారు కదా, మేం ఎప్పుడూ చూళ్లేదు. మేడమ్ బయటికొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉండేవి."

"అమ్మోనియా ఘాటు కదూ మరి! మీకు తగలకూడదనే తలుపు."

"అయితే నా పక్కన కూడా అలాగే నిలబడి చెప్పండి సార్. నేనే చేత్తో వదుల్తాను."

"తను పోయాక నోరు పెగలట్లేదమ్మా," అన్నాడాయన కోటు వైపు చూస్తూ.

మధ్యాహ్నం ఆ అమ్మాయి అలమరా అడుగుదాకా వెతికింది. అట్ట ఊడిన నోటుబుక్కొకటి దొరికింది. మేడమ్ ఉద్యోగంలో చేరిన ఏడాదిది. నిలబడే చదివింది. చదువుతూ చదువుతూ కుర్చీలో కూలబడింది.

"దొరికిందా?" అన్నాడు ఆయన ఆశగా.

ఆమె లేచి వచ్చింది. ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. చల్లారిపోయిన టీ తీసేసి వేడిది పోసి పక్కనుంచింది. చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. అవే గుండ్రటి అక్షరాలు.

"మొదటి నిమిషం గబగబా పడాలి. అప్పుడు రేణువులన్నీ ఒక్కసారే పుడతాయి. తర్వాత ఆయాసం వస్తుంది, జోరు తగ్గుతుంది. ఇక కొత్తవి పుట్టవు, ఉన్నవే సమంగా పెరుగుతాయి. ఇది కనిపెట్టడానికి నాకు మూడు నెలలు పట్టింది. గడియారంతో పనే లేదు. ఆయన నోటి నుంచి ఒక తిట్టు, నా చేతి నుంచి ఒక చుక్క."