ఐదో అంతస్తు అద్దె

లిఫ్టు ఆగిపోయి నాలుగో నెల. ఐదో అంతస్తులో ఒక్కర్తే ఉండే ఫుమియే ఈసారి అద్దెలో పన్నెండు వేల యెన్‌లు తగ్గించి కట్టింది. ఎందుకు తగ్గించిందో కాగితం మీద రాసి మరీ పంపింది.

ఇంటి యజమాని తొకునాగ ఒప్పుకోలేదు. అంత పాత లిఫ్టుకి విడిభాగాలు దొరకడం లేదని, మొత్తం మార్చాలంటే బ్యాంకు అప్పు రావాలని జవాబు రాశాడు. ఒకరికి తగ్గిస్తే అందరికీ తగ్గించాలి, అప్పుడిక లిఫ్టు మాటే మరిచిపోవాలి అన్నాడు. ఆమె మళ్ళీ రాసింది. ఆయనా రాశాడు. ఎదురెదురు భవనాల్లో ఉంటూ ఇద్దరూ పోస్టులో పోట్లాడుకున్నారు.

చివరికి అమగసాకి మునిసిపల్ ఆఫీసు నుంచి కనామె అనే అమ్మాయి మధ్యవర్తిగా వచ్చింది. కింద ఖాళీగా ఉన్న గదిలో ఇద్దర్నీ కూర్చోమంది. డెబ్బై ఎనిమిదేళ్ళ ఫుమియేకి మెట్లన్నీ దిగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆమెను చూసి తొకునాగ లేవబోయాడు. మోకాలు సహకరించక మళ్ళీ కూలబడ్డాడు.

రోజూ బయటికి వెళ్ళే పనుంటుందా అని అడిగింది కనామె. లేదంది ఫుమియే. సరుకులూ మందులూ దుకాణం వాళ్ళే పైకి తెచ్చిస్తారట.

"మరి ఈవిడకి వచ్చిన నష్టమేమిటో అడగండి," అన్నాడు తొకునాగ, ఆమె వైపు చూడకుండా.

ఫుమియే కనామె వైపు తిరిగింది.

"ప్రతి గురువారం మా ఇంటికి ఒకాయన వచ్చేవారు. తొమ్మిదేళ్ళుగా. టీ తాగి, షోగి, అదే మన చదరంగం లాంటిది, రెండాటలు ఆడి, ఓడిపోతే నన్ను తిట్టి వెళ్ళేవారు. వారం మొత్తంలో నేను ఇంకో మనిషితో కూర్చుని మాట్లాడేది ఆ పూటే. లిఫ్టు పోయాక రావడం మానేశారు."

"మీరే కిందికి వచ్చి కలవచ్చు కదండీ?" అంది కనామె.

"ఆయన రమ్మనలేదు. నేనూ అడగలేదు. ఈ వయసులో ముందు ఎవరు అడుగుతారమ్మా?" చేతిసంచీ ఒళ్ళోకి లాక్కుంది. "నేను అద్దె కట్టేది నాలుగు గోడలకి కాదు. మనిషి రాగలిగే ఇంటికి."

కనామె కలం తీసింది. ఇది నష్టంగా రాయాలంటే సాక్షి ఉండాలని, ఆ వచ్చే ఆయన పేరు చెప్పమని అడిగింది. ఫుమియే తల అడ్డంగా ఊపింది.

"నా పేరు రాసుకోమ్మా," అన్నాడు తొకునాగ.