రెక్క మీద జిగురు

"థిన్నర్ వెయ్యి నాన్నా, రెండు నిమిషాల్లో పోతుంది."

"పోతుంది. జిగురుతో పాటు రంగు, రంగుతో పాటు గుడ్డ. అప్పుడు చాప పరుచుకుని దాని మీద కూర్చుని ఎగురు."

కూతురు నవ్వలేదు. కోటు జేబుల్లో చేతులు దోపుకుని నిచ్చెన పక్కనే నిలబడింది. ఎంత ఉక్కపోసినా ఆ కోటు విప్పదు. పైలట్ శిక్షణలో చేరి దాన్ని కొనుక్కున్న రోజు నుంచీ అంతే.

అది రెండు సీట్ల పాత విమానం. రెక్కలకు రేకు ఉండదు. చెక్క చట్రం మీద గుడ్డ బిగించి కుట్టి, పైన పొరలు పొరలుగా తెల్లరంగు పూశారు. కుడిరెక్క మీద జానెడు టేపు ముక్క అంటుకుని ఉందని ఆ పొద్దున కూతురే చూపించింది. గోటితో లాగితే కాగితం ఊడొచ్చింది, జిగురు మాత్రం ఉండిపోయింది. రెక్క నున్నగా లేకపోతే మెకానిక్‌గా అతను సంతకం పెట్టకూడదు. సంతకం లేనిదే విమానం షెడ్డు దాటదు. దాటితే, నాలుగు గంటలకు కూతురు మొదటిసారి ఒంటరిగా ఎగరాలి.

ఇరవై ఆరేళ్లలో ఎంతోమందిని అలా ఒంటరిగా సాగనంపాడు. వాళ్లంతా ఎవరో ఒకరి పిల్లలేనన్న సంగతి ఈ వారమే తట్టింది. మూడు రోజులుగా ఏదో ఒక అడ్డం వస్తే బావుండునని లోలోపల కోరుకుంటూనే ఉన్నాడు. తీరా అడ్డం వచ్చేసరికి, తన కోరికే వెళ్లి రెక్కకు అతుక్కుందేమోనని సిగ్గేసింది.

ఆ గోధుమరంగు కాగితం టేపు జిగురు కారుతోందని షెడ్డులో వాడటం మానేసి ఆరేళ్లయింది. మిగిలిన చుట్టలు ఇంటి అటకెక్కించి, ఇల్లా గోడౌనా అని భార్య చేత చీవాట్లు తిన్నాడు కూడా. ఆరేళ్లుగా ఈ ముక్క కంటబడలేదంటే చూపు మందగించినట్టే అనుకున్నాడు.

మెత్తటి గుడ్డను కిరసనాయిల్లో తడిపి మరక మీద అద్దాడు. నానేదాకా ఆగి, బొటనవేలితో మెల్లగా దొర్లించాడు. జిగురు చిన్న చిన్న ఉండలుగా లేచింది. బ్లేడు పెడితే గీత పడుతుంది, గట్టిగా రుద్దితే గుడ్డ సాగుతుంది. నిదానమే పద్ధతి. అయితే ఆ పద్ధతికి మించి ఎంత నిదానిస్తున్నాడో అతనికొక్కడికే తెలుసు. అద్దిన ప్రతిసారీ మైదానం చివర కర్రకు వేలాడుతూ గాలి వాటం చూపే గాలిసంచి వైపు ఓ చూపు వేస్తున్నాడు.

"నాకు జడ వేసేటప్పుడు జుట్టు పీకేవాడివి. రెక్క మీద మాత్రం ఎంత ప్రేమో."

"జుట్టయితే మళ్లీ మొలుస్తుంది."

శిక్షణ ఇచ్చే మేడమ్ ఒకసారి తొంగిచూసింది. ఇంకా ఆరాలన్నాడు. కూతురు గడియారం చూసుకుని పెద్దగా నిట్టూర్చింది. ఆ పిల్ల ధైర్యం చూస్తుంటే అతనికి తన పిరికితనం మరింత బరువనిపించింది.

మూడున్నర దాటాక గాలిసంచి ఒక్కసారిగా లేచి అడ్డంగా నిలిచింది. మేడమ్ వచ్చి, అడ్డగాలి మొదలైంది, ఇవాళ్టికి లేనట్టే, రేపు పొద్దున ఆరింటికి చూద్దామని చెప్పి వెళ్లిపోయింది. కూతురు "ఛ" అని నేలను తన్నింది. అతను ఆఖరి ఉండను తుడిచేసి సబ్బునీళ్లతో కడిగాడు. తెల్లటి రంగు మీద గీత కూడా లేదు. మూడు రోజులుగా గుండెల మీదున్న రాయి దిగిపోయింది.

దిగాక, చెప్పకుండా ఉండటం కష్టమైంది.

"ఒక మాట చెప్తాను, కోప్పడకు. ఇది అరగంట పని. మూడు గంటలు లాగించాను. నిన్నొక్కదాన్నే పైకి పంపడానికి నాకు ధైర్యం చాల్లేదు."

ఆ అమ్మాయి తిడుతుందనుకున్నాడు. కళ్లనిండా నీళ్లతో నవ్వి, కిరసనాయిలు కంపు కొడుతున్న భుజం మీద తల వాల్చింది.

"రేపు సంతకం పెడతావా?"

"పెడతాను. ఎగిరే నీకే లేని భయం నాకెందుకు?"

ఆమె తలెత్తి మెల్లగా కోటు విప్పింది. దాన్ని అతని చేతికిచ్చి కుళాయి వైపు నడుస్తూ, వెనక్కి తిరగకుండానే అంది:

"చేతులు తుడుచుకో నాన్నా, కుడి జేబులో రుమాలుంది."

జేబులో చెయ్యి పెట్టాడు.

రుమాలు లేదు, గోధుమరంగు టేపు చుట్ట ఉంది.