పూడ్చిన చెలమలు

బుల్లమ్మ చంకలో కుండ ఠప్పున పగిలింది.

రాయి విసిరినవాడు ఏటి ఒడ్డున నిలబడి ఉన్నాడు. మాసిన గోచీ, రేగిన జుట్టు, ఎముకల గూడు. ఊళ్లో ఎవరూ ఎరగని మనిషి.

"నీ చెయ్యి ఇరిగిపోను! నా కుండ నిన్నేం జేసింది రా?"

"తాగొద్దు. ఏరు తాగొద్దు." ఎగువ అడవి మనిషి యాస. తెలుగు అంతంతమాత్రం.

"ఏరు తాగక మన్ను తాగాల్నా?"

అతను అవునన్నట్టు తలూపి ఇసుకలోకి చెయ్యి చూపించాడు. పారే నీటికి దూరంగా మూడు చెలమలు తవ్వి ఉన్నాయి. అడుగున నీరు తేటగా ఊరుతోంది. అతని గోళ్ల సందుల్లో నెత్తురు.

బస్తరు సంస్థానంలో అది వానల్లేని ఏడు. ఇంద్రావతి సన్నగా, ఓ పక్కగా పారుతోంది. ఊరికి తాగడానికి అదే, వండడానికి అదే, చేపలకూ గొడ్లకూ అదే.

ఎగువన ఎక్కడో గత్తర వచ్చిందని అంగట్లో విన్నారు. వాంతులూ విరేచనాలతో ఒక్క పూటలో మనిషిని తీసుకుపోయే రోగం. విన్న రోజే పొలిమేర కట్టేశారు. దారికి అడ్డంగా వేపమండలు గుచ్చిన తాడు. గత్తర తల్లి ఆ తాడు దాటదు. బయటిమనిషి దాటకూడదు.

ఇతను దారిన రాలేదు. ఏటి వెంట వచ్చాడు.

పటేల్ భూషణం కర్ర పట్టుకుని దిగాడు. వెనక పదిమంది.

"ఏ ఊరోడివి రా?"

"పైన."

"పైనంటే ఏంది? ఊరికి పేరు లేదా?"

"ఊరు లేదు."

"ఊరు లేనోడివా! మబ్బులకెల్లి జారిపడ్డవా?"

అందరూ నవ్వారు. నవ్వడానికి ఆ ఊళ్లో మనుషులు ఇంకా నిండుగా ఉన్నారు.

"తవ్విన. ఇవి తాగండి. పిల్లలకి పట్టండి," అన్నాడు అతను.

"పటేల్ చిన్నాయనా, వీడు తల్లిని ఎంటబెట్టుకొచ్చిండు," అన్నాడు రామయ్య. "ఆ గుంతల్ల ఏం కలిపిండో!"

బుల్లమ్మ కూతురు సీతాలు అప్పటికే ఒక చెలమ దగ్గర వంగి దోసిలి నింపుకుంది. ఏడేళ్ల పిల్ల.

"అమ్మా, సల్లగున్నయే!"

బుల్లమ్మ పరుగెత్తి ఆ చేతుల మీద కొట్టింది. నీళ్లు ఇసుకలో ఇంకిపోయాయి. మొదటి చెలమను తన కాళ్లతోనే పూడ్చింది.

అతను ఆ కాళ్లు పట్టుకున్నాడు.

"అమ్మా, నీకు బిడ్డ ఉంది."

"నా బిడ్డ పేరెత్తుతవా!"

భూషణం కర్ర అతని వీపు మీద లేచింది.

అతను రెండుసార్లు వెనక్కి వచ్చి తవ్వాడు. రెండుసార్లూ పూడ్చారు. మూడోసారి దిగువకు తరిమి, కనుమరుగయ్యేదాకా వెంట నడిచారు.

నాలుగో రోజు పొద్దున సీతాలు వాంతి చేసుకుంది.

"దూపయితందే అమ్మా."

బుల్లమ్మ ఏటికి పరుగెత్తింది. కుండ తర్వాత కుండ తెచ్చి పట్టింది. పొద్దు వాలకముందే పిల్ల అడగడం మానేసింది.

వారంలో ఊళ్లో పదహారు మంది పోయారు. పొలిమేరలో తాడు మాత్రం ఎక్కడా తెగలేదు.

గత్తర తగ్గుతుండగా తహశీలు జవాను నీళ్లల్లో కలిపే ఎర్రమందు సీసాతో వచ్చాడు. సర్కారు మందు ఎప్పుడూ అప్పుడే వస్తుంది.

"చెలమ నీళ్లు తాగమని చెప్పనీకి ఒకడు రాలేదా మీ ఊరికి?"

రామయ్య భూషణం వైపు చూశాడు.

"మీ పైన ఏడూళ్లు, కింద రెండూళ్లు. అన్నిట్ల తవ్విచ్చిండు. ఆడ ఒక్క పానం పోలే."

భూషణం తల దించుకున్నాడు. బుల్లమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"ఏడున్నడు బాబూ? ఒక్కపాలి చూపెట్టు. ఆయన కాళ్లు పట్టుకుంట."

"గోదారిల కలిసేకాడ ఇసుకల పడి సచ్చిపోయిండమ్మా, మొన్న. బుధ్రా అంట పేరు."

బుల్లమ్మ అక్కడే కూలబడింది. కింద నుంచే అడిగింది.

"గత్తర ఏట్ల వస్తున్నదని మాకెవ్వలకీ తెల్వదే. ఆయనకెట్ల ఎరుక?"

జవాను సీసా మూత బిగించాడు. ఏటివైపు చూడకుండా చెప్పాడు.

"ఊరంత పోయి ఒక్కడే మిగిలిండు, పాతిపెట్ట బలం లేక పెండ్లాన్నీ నలుగురు బిడ్డల్నీ ఆ నీళ్లల్ల వదిలింది ఆయనేనమ్మా."