పేరు పెట్టి పిలవాలి

“బాస్కెట్‌బాల్ బాస్కెట్‌బాల్ అని తల్లి ఊదరగొట్టే పిల్ల, ఆ ఆట పరీక్షలోనే తప్పిందట!” అని పక్కింటావిడ పకపకా నవ్విందని మేడమీద అద్దెకుండే ఆవిడ మోసుకొచ్చింది. తల్లికి ఒళ్ళు మండిపోయింది. కూతురి రెక్క పట్టుకుని తిన్నగా బడి మైదానంలోకి వచ్చిపడింది.

“ఈల ఊదుకునే ఉద్యోగానికి మార్కులు వెయ్యడం కూడానా? నా కూతురు లేకపోతే ఈ జట్టుకి దిక్కెవరయ్యా?”

ఆటల మాస్టారు నోట్లోంచి ఈల తీశాడు. “బుట్టలో వెయ్యడానికి మీ అమ్మాయికి పూర్తి మార్కులమ్మా. తోటివాళ్ళకి అందించడంలో సున్నా. అందులో తప్పితే జట్టులో చోటు లేదు. కావాలంటే మీ ముందే మళ్ళీ పెడతాను.”

“పెట్టు. అదేదో బ్రహ్మవిద్య అయినట్టు!”

మాస్టారు జట్టులోని నలుగురమ్మాయిల్ని దూరదూరంగా నిలబెట్టి, బంతి కూతురి చేతికిచ్చాడు. “ఎవరికైనా ఇవ్వు. ముందు పేరు పెట్టి పిలవాలి, ఆ తర్వాతే విసరాలి.”

ఎదురుగా నలుగురూ చేతులు చాపారు. కూతురు బంతిని అటూ ఇటూ తిప్పుతూ అలాగే నిలబడిపోయింది.

మాస్టారు తల్లివంక చూశాడు. ఆ చూపుకి ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

“నోరు పడిపోయిందా? పిలవ్వే! ఎవత్తో ఒకత్తి, దాని మొహాన కొట్టు!”

“పేర్లు తెలిస్తేగా? కొంగకాళ్ళది, చీపురుజుట్టుది, తుమ్మమొద్దు... ఇంట్లో నువ్వు పెట్టినవే నాకు వచ్చు. అవే పిలవనా?”